ఇథిఫాన్: ధర్మాలు, తయారీ, మాగబెట్టడంలో సరైన వినియోగం

ఇథిఫాన్ రసాయన నామం 2-క్లోరోఇథైల్ ఫాస్ఫోనిక్ ఆమ్లం. మామిడి, అరటి కాయలను మాగబెట్టేందుకు దీనిని విరివిగా వాడుతున్నారు. అయితే కాయలను నేరుగా ఈ ద్రావణంలో ముంచే పద్ధతి కూడా కనిపిస్తున్నది. ఇది ఎందుకు తగదో తెలియాలంటే ముందుగా ఈ సమ్మేళనం స్వభావాన్ని గ్రహించవలసి ఉంటుంది.

ధర్మాలు

శుద్ధ ఇథిఫాన్ తెల్లని ఘనపదార్థం. అణుభారం 144.5. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీటిలో అధికంగా కరుగుతుంది. ఉదజని సూచిక 3.5 కంటే తక్కువగా ఉన్న ఆమ్ల ద్రావణంలో స్థిరంగా ఉంటుంది. సూచిక 5 దాటితే విచ్ఛిన్నమై ఇథిలీన్ వాయువును, క్లోరైడ్, ఫాస్ఫేట్ అయాన్లను ఇస్తుంది. మొక్కల కణరసంలో ఆమ్లత్వం ఇంతకంటే తక్కువ కనుక కణజాలంలో చేరిన ఇథిఫాన్ క్రమంగా ఇథిలీన్‌ను విడుదల చేస్తుంది. కావున పిచికారీ ద్రావణాన్ని ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. క్షార స్వభావం గల నీటిలో నిల్వ ఉంచితే దాని శక్తి తగ్గిపోతుంది.

తయారీ

ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్‌ను ఇథిలీన్ ఆక్సైడ్‌తో చర్య జరిపితే ట్రిస్(2-క్లోరోఇథైల్) ఫాస్ఫైట్ ఏర్పడుతుంది. దీనిని వేడిచేసినప్పుడు అణువులో పునర్విన్యాసం జరిగి ఫాస్ఫోనేట్ ఎస్టర్‌గా మారుతుంది. ఈ ఎస్టర్‌ను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో జలవిశ్లేషణ చేయగా ఇథిఫాన్, ఉపఉత్పత్తిగా 1,2-డైక్లోరోఇథేన్ లభిస్తాయి. ఇవి విషపూరిత పదార్థాలు కనుక ఈ తయారీ కర్మాగారాలకే పరిమితం.

మోతాదు లెక్కింపు

ఒక మోల్ ఇథిఫాన్ ఒక మోల్ ఇథిలీన్‌ను ఇస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 1 గ్రాము ఇథిఫాన్ నుండి సిద్ధాంతరీత్యా సుమారు 170 మి.లీ. వాయువు వెలువడుతుంది. 50 ఘనమీటర్ల గదిలో 100 పి.పి.ఎం. గాఢతకు 5 లీటర్ల ఇథిలీన్ అవసరం. అంటే సుమారు 29.5 గ్రాముల ఇథిఫాన్, లేదా 39 శాతం ద్రావణమైతే దాదాపు 76 గ్రాములు కావాలి.

జాగ్రత్తలు

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఇథిలీన్ వాయువును 100 పి.పి.ఎం. వరకే అనుమతించింది. ఇథిఫాన్‌ను వాయు జనకంగా మాత్రమే వాడాలి. ద్రావణం కాయలకు తగలరాదు. గదిలో విడిగా ఉంచిన పాత్రలోని ద్రావణానికి కాస్టిక్ సోడా చేర్చి వాయువును విడుదల చేయాలి. ఈ చర్యలో వేడి పుడుతుంది, ఇథిలీన్‌కు మండే గుణం ఉంది. అందువల్ల దరిదాపుల్లో నిప్పు ఉండరాదు. ఇథిఫాన్ గాఢ ద్రావణం కళ్లను, చర్మాన్ని దెబ్బతీస్తుంది కనుక చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

నిషేధిత కాల్షియం కార్బైడ్‌కు ప్రత్యామ్నాయాన్ని సూచించేటప్పుడు మందు పేరు మాత్రమే చెబితే చాలదు. వాయువు కాయకు చేరాలి, ద్రావణం చేరరాదన్న భేదాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు, వర్తకులకు ప్రయోగపూర్వకంగా చూపించాలి.