పాత మిత్రుని పిలుపు

కొన్ని మాసాల క్రిందట ఒక సాయంకాలం, ప్రసారం ముగించుకొని ఇంటికి చేరిన వేళ, నాకు తెలియని నెంబరు నుండి టెలిఫోను వచ్చినది. "ఏమోయ్, ఇంకా కాఫీలో పంచదార ఎక్కువేనా?" అన్నది అవతలి కంఠం. పేరు చెప్పలేదు; చెప్పవలసిన అవసరమూ కలుగలేదు. వాల్తేరులో విశ్వవిద్యాలయపు హాస్టలులో నాతో ఒకే గదిలో ఉండిన మిత్రుడతడు. 22 సంవత్సరాలుగా మా మధ్య ఉత్తరం లేదు, పలుకు లేదు. అయినా ఒక్క వాక్యంతో అతణ్ణి పోల్చుకున్నాను. అది ఎట్లా సాధ్యమైనది?

మనిషి కంఠధ్వని ఒకే స్వరం కాదు. పురుషుడు మాట్లాడేటప్పుడు గొంతులోని స్వరతంతువులు సాధారణంగా సెకనుకు 100 నుండి 150 మారులు కంపిస్తాయి. ఇది మూలస్వరం. మూలస్వరం 120 అయితే దానితోపాటు 240, 360, 480, ఇట్లా గుణిజాలుగా అతిస్వరాలు పుడతాయి. నోరు, ముక్కు, గొంతుల నిర్మాణాన్ని బట్టి వీటిలో కొన్ని బలపడతాయి, కొన్ని సన్నగిల్లుతాయి. ఒకరి కంఠం మరొకరి కంఠం వలె ఉండకపోవడానికి ఇదొక కారణం.

తీగల టెలిఫోనును తీర్చిన ఇంజనీర్లు పొదుపు కోసం సుమారు 300 నుండి 3,400 వరకు గల కంపనాలను మాత్రమే పంపే ఏర్పాటు చేశారు. అనగా, పురుషుని మూలస్వరం ఆ తీగపై దాదాపు ప్రయాణించేదే కాదు. అయినా తండ్రి గొంతు తండ్రి గొంతుగానే వినవచ్చేది. అతిస్వరాల మధ్య ఎడం సమానంగా ఉండుటచేత, లోపించిన మూలస్వరాన్ని వినేవాని మెదడే పూరించుకుంటుంది. నేటి సెల్‌ఫోనులలో ఈ పరిధి విస్తరించినది గాని, మెదడు చేసే ఆ పని మారలేదు. రానిదానిని మనమే చేర్చుకొని వింటాము. స్నేహంలోనూ జరిగేది ఇదే. మిత్రుడు పలికింది ఒక్క వాక్యం. హాస్టలు వరండా, సముద్రపు గాలి, పరీక్షల ముందటి రాత్రులు, వీటన్నిటినీ చేర్చుకున్నది నేను.

ఒకప్పుడు దూరప్రాంతానికి మాట్లాడాలంటే ట్రంకు కాలు బుక్ చేసి గంటల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. చందాదారుడు తానే నెంబరు తిప్పి పరవూరితో మాట్లాడే సౌకర్యం మన దేశంలో 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైనది. నేడు ఖర్చూ దూరమూ అడ్డు కావు. అయినా మనం పిలవము. కెనడా, బ్రిటన్ దేశాల మనస్తత్త్వ శాస్త్రవేత్తలు ఇద్దరు 2024లో ప్రకటించిన పరిశోధనలో, పాత మిత్రుని పలకరించాలన్న కోరికా, చేతిలో చిరునామా, వ్రాయడానికి వ్యవధీ ఉన్నవారిలో కూడా మూడవ వంతుకన్న తక్కువమందే సందేశం పంపారు. "ఇన్నాళ్లకు ఏమని మొదలుపెట్టను? వాడేమనుకుంటాడో!" అన్న జంకే ఆపుతుంది.

ఆ జంకు నిరాధారమని మరి రెండు పరిశోధనలు తెలుపుతున్నవి. పాత మిత్రునితో టెలిఫోనులో మాట్లాడడం ఈమెయిలు వ్రాయడంకన్న ఇబ్బందిగా ఉంటుందని జనం అనుకుంటారు. మాట్లాడినవారికి ఇబ్బంది ఎక్కువ కాలేదు, ఆత్మీయత మాత్రం ఎక్కువైనదని 2021లో తేలినది. పలకరింపు ఎంత అనుకోనిదైతే అందుకున్నవారికి అంత ప్రియమనీ, పలకరించేవారు ఆ ప్రీతిని తక్కువగా అంచనా వేస్తారనీ 2022లో తేలినది. పండుగనాటి పిలుపు ఆచారం. ఏ పండుగా లేనినాటి పిలుపు మన కోసమే వచ్చినది. అందుకే అది మనసులో నిలుస్తుంది.

నా మిత్రుడు ఆ రోజే ఎందుకు పిలిచాడో చివరను గాని చెప్పలేదు. మా గదిలో మూడవవాడొకడుండేవాడు. ఆ ఉదయం అతని నెంబరుకు ఫోను చేస్తే కుమారుడు పలికి, నాన్న పోయి ఏడు నెలలైనదని చెప్పాడట. "ఇక నిన్ను కూడా వాయిదా వేయదలచలేదు" అన్నాడు. ఆ నెంబరు నాలుగేళ్లుగా నా డైరీలో ఉన్నది. ప్రతి సంక్రాంతికీ పిలవాలనుకొని, ఏమని మొదలుపెట్టాలో తోచక ఊరుకునేవాణ్ణి.

మరునాడు ఆ నెంబరుకు నేనూ పిలిచాను. కుమారుడే పలికాడు. మాట విరుపు అచ్చంగా తండ్రిదే. వాళ్ల నాన్న హాస్టలులో చేసిన అల్లరి నాకు జ్ఞాపకమున్నంత చెప్పాను. ఆ అబ్బాయి నవ్వుతూ విన్నాడు. అవి అతనికి కొత్తవి. కాని ఆ కబుర్లు వినవలసినవాడు వేరొకడు.

మీ ఇంట కూడా అటువంటి నెంబరు ఒకటి ఉండకపోదు. జంకు వదలకపోతే ముందుగా రోజూ పలకరించే స్నేహితులకు నాలుగు మాటలు వ్రాయండి. అట్లా చేసినవారిలో సగానికి పైగా పాత మిత్రుని కూడా పలకరించినట్లు 2024 నాటి పరిశోధనలోనే ఉన్నది. మొదటి మాట కోసం వెదకనక్కరలేదు. "బాగున్నావా?" అంటే చాలు. తక్కినది అవతలివారే పూరించుకుంటారు.