డేటాబేస్ పట్టికలకు వివరణలు: ఎందుకు రాయాలి, ఎలా నిర్వహించాలి?

పాత లెక్కల పుస్తకాల్లో అంచున చిన్న అక్షరాలతో గుమాస్తా రాసుకున్న గమనికలు కనిపిస్తాయి. 'ఇది బాకీ కాదు, అడ్వాన్సు' అన్న ఒక్క మాట తర్వాత వచ్చేవారికి ఎంతో పని తప్పిస్తుంది. నేడు సంఘాల సభ్యత్వాలు, చందాలు, విద్యార్థుల దరఖాస్తులు కంప్యూటర్లోకి చేరాయి. ఆ అంచు గమనికలు మాత్రం చాలా చోట్ల పుస్తకాల్లోనే ఉండిపోయాయి. డేటాబేస్‌లోనూ వాటికి చోటు ఉంది. దాన్ని వాడుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో మనం తెలుసుకుందాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్కాలర్‌షిప్ దరఖాస్తుల పట్టికలో 'స్థితి' అనే కాలమ్ ఉంది. అందులో 1, 2, 3 అనే అంకెలు మాత్రమే ఉన్నాయి. 1 అంటే అందింది, 2 అంటే పరిశీలనలో ఉంది, 3 అంటే మంజూరైంది. ఈ సంగతి పట్టిక తయారు చేసిన యువకుడికి తెలుసు. అతనికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడనుకోండి. కొత్తగా వచ్చినవారు 2 అంటే తిరస్కరించినవి అనుకుంటే, పరిశీలనలో ఉన్న దరఖాస్తులన్నీ పక్కకు పోతాయి. ఎవరికీ చెడు ఉద్దేశం లేకపోయినా అర్హుడైన విద్యార్థి ఫీజు గడువు దాటిపోతుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో దీనికి ఒక సులువైన ఆదేశం ఉంది:

కామెంట్ ఆన్ కాలమ్ దరఖాస్తులు.స్థితి ఈజ్ '1 అందింది, 2 పరిశీలనలో, 3 మంజూరు';

టైపు చేసేటప్పుడు ఆదేశంలోని పదాలు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. కొటేషన్ల మధ్య వివరణను మాత్రం, డేటాబేస్ యూటీఎఫ్-8లో ఉంటే, హాయిగా తెలుగులోనే రాసుకోవచ్చు. కాలమ్‌కే కాదు, టేబుల్, వ్యూ, ఇండెక్స్, ఫంక్షన్, స్కీమా వంటి వాటికీ ఇలాగే వివరణ ఇవ్వవచ్చు. ప్రోగ్రామ్ ఫైల్లో రెండు అడ్డగీతల తర్వాత రాసే వ్యాఖ్య ఆ ఫైల్లోనే ఉండిపోతుంది. ఈ ఆదేశంతో రాసింది డేటాబేస్‌లోనే నిలుస్తుంది. బ్యాకప్ తీసే పీజీ డంప్ కూడా, వద్దని ప్రత్యేకంగా చెబితే తప్ప, దాన్ని వెంట తీసుకువెళుతుంది.

నిర్వహణలో గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఒక వస్తువుకు ఒకే వివరణ ఉంటుంది. కొత్తది రాస్తే పాతది పోతుంది. అందుకే అదనంగా ఏదైనా చేర్చాలంటే ముందు పాత పాఠాన్ని చూసి, దాన్ని కలుపుకొని రాయాలి. తీసేయాలంటే పాఠానికి బదులు 'నల్' అని ఇవ్వాలి. టేబుల్ పేరు మార్చినా వివరణ దానితోనే ఉంటుంది. టేబుల్‌ను తొలగిస్తే వివరణ కూడా పోతుంది. కాలమ్‌లకు రాసిన వాటిని చూడాలంటే పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్, డి, ప్లస్ గుర్తు కొట్టి, టేబుల్ పేరు ఇస్తే చాలు.

మిగతా డేటాబేస్‌లలో పద్ధతులు కొంత వేరు. ఒరాకిల్‌లో టేబుల్, కాలమ్‌లకు ఆదేశం దాదాపు ఇదే. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ తయారు చేసేటప్పుడే వివరణ రాయవచ్చు. కాలమ్‌కు 1024, టేబుల్‌కు 2048 అక్షరాల వరకు వీలుంది. కానీ అక్కడ 'మాడిఫై'తో కాలమ్ వివరణ మార్చాలంటే ఆ కాలమ్ నిర్వచనమంతా మళ్లీ రాయాలి. 'ఖాళీగా ఉండకూడదు' వంటి షరతును మరచిపోతే అది తొలగిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'ఎక్స్‌టెండెడ్ ప్రాపర్టీ' అనే ఏర్పాటు ద్వారా వివరణలు చేర్చాలి.

ఇక ఏమి రాయాలి? 'ఇది మొత్తం కాలమ్' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అది హామీ ఇచ్చిన మొత్తమా, చేతికి అందిన మొత్తమా? రూపాయల్లోనా, వేలల్లోనా? ఖాళీగా ఉంటే సున్నా అనుకోవాలా, ఇంకా తెలియదు అనుకోవాలా? చూసేవారికి కలిగే ఇలాంటి సందేహాలకు జవాబు ఉండాలి. కోడ్ అంకెల్లో కొత్తది చేర్చిన రోజే వివరణ కూడా మార్చాలి. పాతబడిన వివరణ అసలు లేనిదానికంటే ఎక్కువ దారి తప్పిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఈ రెండు మార్పులను ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే రెండూ జరుగుతాయి, లేదా రెండూ ఆగిపోతాయి.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. పోస్ట్‌గ్రెస్‌లో వివరణలకు తాళం లేదు. ఆ డేటాబేస్‌లోకి ప్రవేశించిన ఎవరైనా వాటిని చదవగలరు. కనుక పాస్‌వర్డులు, సహాయం పొందినవారి పేర్లు, కుటుంబ పరిస్థితులు అక్కడ రాయకూడదు.

అన్ని పట్టికలకూ ఒకే రోజు రాయనక్కరలేదు. డబ్బు, తేదీలు, కోడ్ అంకెలు ఉన్న కాలమ్‌లతో మొదలుపెడదాం. బాధ్యతలు చేతులు మారే ముందు, వివరణ లేని కాలమ్‌ల జాబితా తీసి, పట్టిక సంగతి తెలిసినవారు అందుబాటులో ఉండగానే వారిని అడిగి పూర్తి చేసుకుందాం.