బాక్సింగ్ విజేత నిఖత్ జరీన్

ఈసారి గోడపత్రికలో ఒక అక్క గురించి రాస్తున్నాను. ఆమె పేరు నిఖత్ జరీన్.

ఈమె 1996లో నిజామాబాద్‌లో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడో అమ్మాయి. తండ్రి జమీల్ అహ్మద్ గారు మొదట పరుగుపందెం నేర్పించేవారు. ఆ గ్రౌండులో బాక్సింగ్ నేర్చుకునేవాళ్ళంతా మగపిల్లలే. ఆడపిల్లలు ఎందుకు లేరని నాన్నని అడిగింది. ఆడవాళ్ళకి అంత బలం ఉండదని జనం అనుకుంటారన్నారు. అయితే నేను నేర్చుకుంటానంది. మొదట్లో ముఖం మీద దెబ్బలతో ఇంటికొస్తే, పెళ్ళి ఎలా అవుతుందని వాళ్ళమ్మ ఏడ్చింది. అయినా మానలేదు.

ఈ మాట మన దగ్గరే కాదు. ఐర్లాండ్ దేశంలో కేటీ టేలర్ చిన్నప్పుడు జుట్టు కనపడకుండా దాచుకుని మగపిల్లలతో ఆడేదంట. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి బాక్సింగ్ పెట్టారు. అందులో ఆమె బంగారు పతకం గెలిచింది.

ఆట ఎలా ఉంటుందో చెప్తాను. ఒకే బరువు ఉన్నవాళ్ళే తలపడాలి. మూడు రౌండ్లు, ఒక్కోటి 3 నిమిషాలు. చుట్టూ కూర్చున్న ఐదుగురు జడ్జీలు మార్కులు వేస్తారు. 5–0 అంటే ఐదు దెబ్బలు కాదు, ఐదుగురూ ఆమే గెలిచిందన్నారని అర్థం.

2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ పోటీల్లో నిఖత్ బంగారు పతకం గెలిచింది. అప్పటికి 14 ఏళ్ళే, నా ఈడే! 2017లో భుజానికి దెబ్బ తగిలి చాలాకాలం ఆడలేకపోయింది. 2019లో మేరీ కోమ్ గారితో తనకు పోటీ పెట్టి ఎంపిక చేయమని కేంద్ర క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత. చాలామంది ఈమెను తప్పుబట్టారు. డిసెంబరులో పోటీ పెట్టారు. నిఖత్ ఓడిపోయింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో 5–0తో ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్ళీ గెలిచింది. 50 కిలోలంటే మన మిరపకాయల టిక్కీ కన్నా కొంచెమే ఎక్కువ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం ఓడి ఏడ్చింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం డి.ఎస్.పి. ఉద్యోగం ఇచ్చింది.

నాకు బాగా నచ్చింది పతకం కాదు, ఆ ఉత్తరం. ఓడిపోతానేమో అని అడగడం మానలేదు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళి నేను నెలన్నర మిరపకోతలకి ఉండిపోయాను. మా నాన్న చెడ్డవాడు కాదు, కౌలు అప్పు ఉంది. కానీ బడికి పంపమని నేను అడగనే లేదు. పంపరులే అని నేనే అనుకున్నాను. మనతో చదివిన ఇద్దరు అలా పోయి మళ్ళీ రాలేదు.

ఈ సంక్రాంతికి నేను అడుగుతాను. నాన్న కాదన్నా మళ్ళీ అడుగుతాను. మీరు కూడా అడగండి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని