తోడు చుక్క, రొయ్యల చెరువు

పాలు కాచి, గోరువెచ్చగా చల్లారాక నిన్నటి పెరుగు ఒక చెంచా వేసి మూత పెడతారు. తెల్లవారేసరికి గిన్నెడు పెరుగు. రోజూ చేసే పనే కదా, ఇందులో కొత్తగా చెప్పేదేముంది అంటారేమో! ఆ చెంచాలో ఏముందో, కంటికి కనిపించని వాటిని ఎలా పట్టుకుంటారో ఇవాళ చెప్పుకుందాం.

ఆ కాస్త పెరుగులో కోట్లకొద్దీ బాక్టీరియా ఉంటుంది. అవి పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపుకే పాలు గట్టిపడతాయి. చెడ్డ క్రిములు చాలావాటికి ఆ పులుపు సరిపడదు. మంచివి ముందుగా చోటు పట్టేస్తే చెడ్డవాటికి నిలవ నీడ ఉండదన్న మాట.

ఇదే ఉపాయం చెరువుల్లోకీ వెళ్ళింది. నరసాపురం వైపునుంచి గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగి, అంతర్వేది దారి పట్టండి. కొబ్బరితోటలతో పాటు రొయ్యల చెరువులూ కనిపిస్తాయి. మనం ‘తోడు’ అన్నంత సులువుగా రొయ్యల రైతులు ‘ప్రోబయోటిక్’ అంటారు. తినగా మిగిలిన మేత, రొయ్యల మలం చెరువు అడుగున చేరి కుళ్ళుతాయి. అక్కడ విబ్రియో అనే క్రిములు మితిమీరితే రొయ్యలకు జబ్బు చేస్తుంది, పెట్టిన పెట్టుబడి నీళ్ళపాలవుతుంది. అందుకని బాసిల్లస్ జాతి బాక్టీరియా పొడిని బెల్లం, తవుడు కలిపిన నీళ్ళలో పులియబెట్టి చెరువులో పోస్తారు. ఇడ్లీపిండి పులియబెట్టినట్టే ననుకోండి!

మరి విబ్రియో ఎంత ఉందో తెలిసేదెలా? నీరు తేటగా ఉన్నంత మాత్రాన ఏమీ చెప్పలేం. పరీక్షశాలలో చెరువు నీటిబొట్టును అగర్ పోసిన గాజు పళ్ళెం మీద పులిమి, ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారు. అగర్ అంటే మీకు తెలిసినదే, పాలలో వేసి హల్వాలా గట్టిపరిచే చైనా గ్రాస్! దీన్ని ప్రయోగశాలకు తెచ్చినది కూడా ఒక గృహిణే. జర్మనీలో రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసే వాల్తర్ హెస్సె భార్య ఫానీ హెస్సె. అంతకుముందు వాడే జిలటిన్ వేసవి వేడికి కరిగిపోయేది. తన వంటింట్లో జెల్లీలకు వాడే అగర్ కరగదు గదా, అది పెట్టి చూడమని 1881లో ఆమె సలహా ఇచ్చింది. కాక్ మరుసటి ఏడు అగర్ సంగతి రాశాడు గాని, ఆమె పేరు ఎత్తలేదు. ఇది నాకు ఇప్పటికీ కష్టంగానే తోస్తుంది.

విబ్రియో కోసం వాడే అగర్ ఆకుపచ్చగా ఉంటుంది. పళ్ళెంలో ఒక్కో క్రిమి పెరిగి ఒక్కో చుక్క అవుతుంది. ఆ చుక్కలు లెక్కపెడితే నీటిలో ఎన్ని క్రిములున్నాయో తేలుతుంది. పంచదారను పులియబెట్టగలిగేవి పసుపుపచ్చ చుక్కలు, లేనివి ఆకుపచ్చ చుక్కలు. పసుపు మంచిది, ఆకుపచ్చ చెడ్డది అని కొందరు తేల్చేస్తారు. అది సరికాదు. కలరా క్రిమి పెరిగేదీ పసుపుగానే! రంగు చూసి అనుమానించవచ్చు గాని, ఫలానా క్రిమి అని నిర్ధారించడానికి జన్యు పరీక్షదాకా వెళ్ళాలి.

ఇంత అవస్థ ఎందుకు, యాంటీబయోటిక్ మందు పోస్తే సరిపోదా అంటారా? క్లోరాంఫెనికాల్ వంటివి రొయ్యల సాగులో నిషిద్ధం. రొయ్యలో వాటి ఛాయ కనిపిస్తే విదేశాలు సరుకు తిప్పిపంపుతాయి. పైగా, మందుకు లొంగని క్రిములు తయారైతే రేపు మన పిల్లల జబ్బుకూ ఆ మందు పనిచేయదు. యాంటీబయోటిక్ వేసిన గేదె పాలు ఒక్కోసారి సరిగా తోడుకోవు, గమనించారా? మందు తోడులోని బాక్టీరియానూ చంపుతుంది. అలాగని తోడుకోని ప్రతి గిన్నెకూ పాలవాణ్ణి తిట్టకండి. పాలు మరీ వేడిగా ఉన్నా, చలి ఎక్కువైనా అంతే.

ఇంతకీ మన పెరుగు ప్రోబయోటిక్కేనా? 2001లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ పిలిచిన నిపుణులు చెప్పిన అర్థం ప్రకారం ఆ జీవులు బతికి ఉండాలి, తగినంత సంఖ్యలో ఉండాలి, మేలు చేయాలి. ఇంటి తోడులో ఏ రకం ఎంత ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు. పెరుగు మంచి ఆహారమే, సందేహం లేదు. మందు అనడానికి మాత్రం వీల్లేదు. ఒడిశా పల్లెల్లో నాలుగువేల అయిదువందలమందికి పైగా నవజాత శిశువులపై జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. ఒక ప్రత్యేక రకం లాక్టోబాసిల్లస్‌ను, దానికి మేతగా ఒక పిండిపదార్థాన్ని కలిపి వారంపాటు పట్టారు. రక్తానికి సోకే సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఇది విని పసికందు నోట్లో పెరుగు పెట్టేరు, వద్దమ్మా! అది గుర్తించి, లెక్కకట్టి, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చిన బాక్టీరియా.

బజారులో ప్రోబయోటిక్ కొంటే డబ్బా మీద బాక్టీరియా పూర్తి పేరు, సంఖ్య, గడువు తేదీ చూడండి. రొయ్యలు కడిగిన గిన్నెలోనే పచ్చి కూరముక్కలు కలపకండి, విబ్రియో బాగా ఉడికితేనే చస్తుంది. ఆ మాటకొస్తే మజ్జిగ పులుసు కాచినప్పుడు మంచి బాక్టీరియా కూడా చస్తుంది. దాన్ని రుచికోసమే తినండి.