జీఆర్‌ఈలో ర్యాంకు ఎంత?

సీనియర్లు ఎవరైనా జీఆర్‌ఈ రాశారని తెలిస్తే ఇంట్లోవాళ్లు, చుట్టాలు మొదట అడిగేది ఇదే. కర్నూలైనా కడపైనా మనకు పరీక్ష అంటే ర్యాంకే. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా మన ఇళ్లల్లో అది ఇంకా ఎంసెట్టే. కానీ జీఆర్‌ఈలో ర్యాంకు ఉండదు. ఈ తేడా తెలియక చాలామంది డబ్బు, టైము రెండూ తప్పు చోట పెడుతున్నారు. కొంతమంది భయపడి అసలు అప్లై చేయడమే మానేస్తున్నారు.

ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు రాసే పరీక్షలు రెండు రకాలు. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ మనకు ఇంగ్లిష్ ఎంత వచ్చో చూస్తాయి. జీఆర్‌ఈ అలాంటిది కాదు, దాన్ని అమెరికా విద్యార్థులు కూడా రాస్తారు. అందులో ఒక వ్యాసం, వెర్బల్, క్వాంట్ ఉంటాయి. వెర్బల్, క్వాంట్ ఒక్కోదానికి స్కోరు 130 నుంచి 170 దాకా.

ఎంసెట్ ర్యాంకు క్యూ లాంటిది. ముందున్నవాళ్లకు ముందు సీటు. జీఆర్‌ఈ స్కోరును మాత్రం బీటెక్ మార్కులు, ప్రాజెక్టులు, ఎస్ఓపీ, ప్రొఫెసర్లు రాసే లెటర్లు అన్నిటితో కలిపి చూస్తారు. కొన్ని డిపార్ట్‌మెంట్లు అసలు అడగనే అడగవు. ఎంఐటీలో మన బ్రాంచి ఉండే ఈఈసీఎస్ డిపార్ట్‌మెంటే అందుకు ఉదాహరణ.

2023 సెప్టెంబరు నుంచి ఈ పరీక్ష 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. వెర్బల్‌కి రెండు సెక్షన్లు, క్వాంట్‌కి రెండు. మొదటి సెక్షన్ ఎలా చేశామో చూసి రెండోది ఎంత కష్టంగా ఇవ్వాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సీఎస్ఈ వాళ్లకు చెప్పాలంటే మధ్యలో ఒక ఇఫ్-ఎల్స్ ఉంది, అంతే. రెండోది కష్టంగా అనిపిస్తే కంగారు పడొద్దు, మొదటిది బాగా చేసి ఉండొచ్చు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

ఎంసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి నిమిషం పైన కొద్దిగా. జీఆర్‌ఈ క్వాంట్‌లో 27 ప్రశ్నలకు 47 నిమిషాలు. లెక్కలు హైస్కూలు స్థాయివే, కాలిక్యులస్ లేదు. మనల్ని పడగొట్టేది తొందరే. x² = 16 అని ఇచ్చి, x పెద్దదా 4 పెద్దదా అని అడిగారనుకోండి. రెండూ సమానం అని టక్కున పెట్టేస్తాం. x మైనస్ 4 కూడా కావచ్చు కదా! కాబట్టి 'చెప్పలేం' అన్నదే జవాబు.

ఇక అందరూ భయపడే వెర్బల్. జమ్మలమడుగులో ఉండే మా అక్క ఇంటర్ దాకా తెలుగు మీడియం. "వెర్బల్ నాతో కాదులే" అని ఎంఎస్ ఆలోచనే వదిలేసింది. ఒకరోజు ఆమెను ఇలా అడిగాను: "ఈ ఏడు వానలు బాగా పడినా చెరువు మాత్రం... ఏమైంది?" వెంటనే "నిండలే" అంది. ఎట్లా చెప్పావంటే, "'పడినా' అన్నావు కదా" అంది. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో సగం పని ఇదే. వాక్యం ఎక్కడ మలుపు తిరుగుతుందో చూడటం. మనకు 'నా' చేసే పని ఇంగ్లిష్‌లో ఆల్‌దో, డిస్పైట్, యెట్ చేస్తాయి. పదాలు నేర్చుకోక తప్పదు, నిజమే. కానీ ఆ మలుపు పట్టుకోవడం తెలుగు మీడియం వాళ్లకూ ఎప్పుడో వచ్చు. అక్క ఇప్పుడు రోజుకు పది పదాలు రాసుకుంటోంది.

ఫీజు మాట కూడా చెప్పాలి. జీఆర్‌ఈకే ఇరవై వేలు దాటుతుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఏ ఇంట్లోనైనా అది చిన్న మొత్తం కాదు. అందుకే ముందు మీరు అప్లై చేయబోయే యూనివర్సిటీల లిస్టు రాసుకోండి. ఏది ఏ పరీక్ష అడుగుతోందో వాళ్ల సైట్లోనే చూడండి, కన్సల్టెన్సీ మాట మీద వదిలేయొద్దు. జీఆర్‌ఈ స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ 2 ఏళ్లే. కాబట్టి జీఆర్‌ఈ అవసరమైతే థర్డ్ ఇయర్ సెలవుల్లో రాసేయొచ్చు, ఇంగ్లిష్ పరీక్ష అప్లై చేసే ముందు చాలు. లిస్టులో ఎవరూ జీఆర్‌ఈ అడగకపోతే ఆ ఇరవై వేలు ఇంట్లోనే ఉంటాయి.