రెండు విమానాల నడుమ

గుంతకల్లులోనో కాజీపేటలోనో రైలు మారినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. అమ్మ సంచులు లెక్కపెడుతుంది, నాన్న ప్లాట్‌ఫారం నెంబరు కనుక్కుంటాడు, మీరు నీళ్ళసీసా పట్టుకొని వెనక పరుగెత్తుతారు. విమానం మారడమూ ఇలాంటిదే. కాని ఒక తేడా ఉంది. ఇక్కడ మీ పెద్ద పెట్టె మీ వెంట రాదు. అది వేరే దారిన ప్రయాణం చేసి, మీరెక్కే రెండో విమానాన్నే అందుకోవాలి!

అసలు మారడం ఎందుకు? ఒక లెక్క చేద్దాం. 50 నగరాలున్నాయనుకోండి. ప్రతి నగరం నుంచి తక్కిన ప్రతి నగరానికి తిన్నగా విమానం నడపాలంటే 50ని 49తో గుణించి సగం చేయాలి. అంటే 1225 మార్గాలు కావాలి. ఒక నగరాన్ని కూడలిగా పెట్టుకొని తక్కినవాటిని దానికి కలిపితే 49 మార్గాలు చాలు. ఎవరైనా ఒక్కసారి మారితే సరిపోతుంది. దుబాయి అలాంటి కూడలి. హైదరాబాదు నుంచి లండను వెళ్ళే మనవాళ్ళు ఎందరో అక్కడ మారుతుంటారు. విమానాలు గుంపుగా వచ్చి, కొద్ది గంటల తరువాత మళ్ళీ గుంపుగా బయలుదేరేటట్లు వేళలు కూర్చుతారు. అందుకే అర్ధరాత్రి దాటాక కూడా అక్కడ సంతంత సందడి.

దిగగానే అందరి వెనుకా పోకండి. దుబాయిలోనే ఆగిపోయేవాళ్ళు 'అరైవల్స్' అన్న బాణం వెంట పోతారు. మీరు 'కనెక్షన్స్' అన్న బాణం వెంట పోవాలి. అక్కడ మళ్ళీ తనిఖీ ఉంటుంది. హైదరాబాదులో చేశారు కదా అంటారేమో! వేరువేరు దేశాలనుంచి, వేరువేరు తనిఖీలు దాటి వచ్చినవారంతా ఇక్కడ కలుస్తారు మరి. ద్రవపదార్థాలు 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలో ఉండరాదన్న నియమం 2006లో వచ్చింది. కొత్త యంత్రాలు పెట్టిన కొన్ని చోట్ల దాన్ని సడలించారు గాని, అన్నిచోట్లా కాదు. నూనె తేలే ఆవకాయ కూడా వాళ్ళ లెక్కలో ద్రవమే. దాని చోటు పెద్ద పెట్టెలోనే.

గేటు సంఖ్యలోని మొదటి అక్షరం ఏ భవనానికి పోవాలో చెబుతుంది. దుబాయి టెర్మినల్ 3లో ఏ, బి, సి అని మూడు భాగాలున్నాయి. ఏ భాగానికి చిన్న రైలు నడుస్తుంది. టెర్మినల్ 2 అయితే రన్‌వేలకు అవతలి పక్కన ఉంది. అక్కడికి బస్సులోనే వెళ్ళాలి. గేటు మారవచ్చు గనుక బోర్డును మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి. విమానం కదలడానికి సుమారు 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారు.

మరి పెట్టె? దానికి కట్టిన చీటీమీద నల్లగీతలు, 10 అంకెల సంఖ్య ఉంటాయి. రెండు, మూడు, నాలుగు స్థానాల అంకెలు విమాన సంస్థ గుర్తు. ఎమిరేట్స్‌కు 176, ఎయిర్ ఇండియాకు 098. చివరి ఆరు అంకెలు మీ పెట్టెవే. పెట్టె పట్టీమీద పోతుండగా యంత్రాలు ఆ గీతలను చదివి, ఏ విమానానిదో కంప్యూటరును అడిగి, ఆ దారికి మళ్ళిస్తాయి. రెండు ప్రయాణాలూ ఒకే టిక్కెట్టు మీద ఉంటే ఇదంతా సాఫీగా జరుగుతుంది. మొదటి విమానం ఆలస్యమైనా మరో విమానంలో పంపే బాధ్యత సంస్థదే. చవక అని రెండు టిక్కెట్లు విడివిడిగా కొంటే ఆ బాధ్యత మీ నెత్తిన పడవచ్చు. పెట్టె దుబాయిలోనే ఆగిపోనూవచ్చు.

మీరు ఎక్కకపోతే మీ పెట్టెను విమానంలోంచి వెతికి దింపేస్తారు. ఆలస్యమైనా సరే! దీని వెనుక ఒక ఘోరం ఉంది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా వారి 'కనిష్క' విమానం అట్లాంటిక్ మహాసముద్రం మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న పెట్టె వాంకూవరులో మరో విమానం ఎక్కి, టొరంటోలో మారి కనిష్కలోకి చేరింది. పెట్టె ఇచ్చినవాడు మాత్రం విమానం ఎక్కనేలేదు. ఈ సంగతి తెలిసిన తరువాత, సామాను దింపుతున్నారని విమానం ఆగితే నేను విసుక్కోవడం మానేశాను.

ఇక గడియారం. టిక్కెట్టు మీద ఏ ఊరి వేళ ఆ ఊరి కాలంలో ఉంటుంది. ఏళ్ళ తరబడి రేఖాంశాల పాఠం చెప్పిన నేనే ఇక్కడ బోర్లాపడ్డాను. దుబాయిలో నా రెండో విమానం 7-45కు. చేతి గడియారం చూస్తే 8-10! రొప్పుతూ పరుగెత్తితే, గేటు దగ్గరి అమ్మాయి నవ్వి గోడగడియారం చూపించింది. 6-40 అయింది. మన కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది, దుబాయి కాలం 60 డిగ్రీలది. తేడా 22½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున గంటన్నర. పడమరకు పోతున్నాను గనుక ఉత్త కంగారుతో పోయింది. తిరుగు ప్రయాణంలో ఇదే పొరపాటు చేస్తే? చలికాలంలో లండను గడియారం దుబాయి కన్నా 4 గంటలు వెనక ఉంటుంది. ఇంకా బోలెడు వ్యవధి ఉందనుకొని కూర్చుంటే విమానం ఎగిరిపోతుంది! సెల్‌ఫోను సాధారణంగా తనంతట తానే వేళ దిద్దుకుంటుంది. తాతయ్య చేతి గడియారం దిద్దుకోదు.

ఇప్పుడు ఈ లెక్క చేయండి. జనవరిలో ఒకాయన లండనులో మధ్యాహ్నం 2-20కి బయలుదేరి, రాత్రి 1-15కు దుబాయిలో దిగాడు. 3-30కి హైదరాబాదు విమానం కదిలింది. ఉదయం 8-30కి చేరింది. ఆయన గాలిలో మొత్తం ఎంతసేపు ఉన్నాడు? 10 గంటల 25 నిమిషాలు రాకపోతే, మీ లెక్కను భూగోళం మాస్టారికి చూపించండి.