మూతి వంకరకు మందు: మూడు దినముల అదను

నిన్నటివరకు బాగుగానున్న మనిషి తెల్లవారి నోరు పుక్కిలింపబోగా, నీరు ఒక ప్రక్కనుండి జారిపోవును. ఆ ప్రక్క కన్ను మూతపడదు, నుదుట ముడుత పడదు. గాలి సోకినదని ఇరుగుపొరుగువారు తీర్పు చెప్పుదురు. పసరు వైద్యునికి కబురు పోవును. మందుకు అదనైన కాలము ఇట్లే గడచిపోవుచున్నదని పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయుచున్నాము.

వైద్యులు దీనిని బెల్ పక్షవాతమందురు. చెవిచెంత ఎముకలోని ఇరుకుదారిన వచ్చు ముఖనాడి వాచి, అచ్చట నలిగి, పనిచేయకుండును. ఆ వాపును తగ్గించునది ప్రెడ్నిసొలోన్ అను స్టిరాయిడు మాత్ర. 72 గంటలలోపల మొదలిడినప్పుడే దాని ఫలము రూఢియైనది. స్కాట్లండులో జరిపి 2007లో ప్రకటించిన పరీక్షలో, ఈ మాత్రను 10 దినములు వాడినవారిలో తొమ్మిది మాసములకు నూటికి 94 మంది ముఖము యథాస్థితికి వచ్చినది. వాడనివారిలో 82 మందికి. అసైక్లోవిర్ అను వైరస్ మందువలన అదనపు మేలు కానరాలేదు. మందులేకయే అంతమంది కోలుకొందురు గనుకనే కాబోలు, పసరులకు అంత పేరు!

ఈ మాత్ర రక్తములో చక్కెరను పెంచును. మధుమేహము గలవారు వైద్యునికి ముందే చెప్పవలెను. మూతపడని కన్ను ఎండినచో చూపునకే ముప్పు. పగలు కంటిచుక్కలు వేసి, రాత్రి రెప్ప మూసి పట్టీ అంటింపవలెను.

నుదుట ముడుతలు చక్కగా పడుచు మూతి మాత్రమే వంకరపోయినను, చేయి పట్టుతప్పినను, మాట తడబడినను మెదడునకు వచ్చిన పక్షవాతము కావచ్చును. అప్పుడు దినములు కావు, నిమిషములే లెక్క. వెంటనే 108కు ఫోను చేయవలెను.